జెండా పండుగనాటి నవ్వులు: పొరుగు రాష్ట్రాల తెలుగు పిల్లలు, వారి హాస్యం

ఇరవై నాలుగు ఆకులున్నాయి, చెట్టు కాదు. గాలికి ఊగుతుంది, ఉయ్యాల కాదు. ఏమిటది?

ఈ పొడుపుకథ పాతది కాదు, ఈ వ్యాసం కోసం కూర్చినదే. బండి చక్రం నడుమ నుంచి అంచు దాకా పోయే కర్రలను మన వడ్రంగులు ఆకులు అంటారు. జాతీయ పతాకం మీద ఉన్న అశోక చక్రానికి ఇరవై నాలుగు ఆకులు. కనుక జవాబు జెండా. ఆగస్టు 15న మిఠాయి కోసం వరుసలో నిలబడ్డ పిల్లలకు ఈ ప్రశ్న వేస్తే, చెట్ల పేర్లన్నీ అయిపోయిన తరువాత ఎవరో ఒకరు తలెత్తి జెండాకేసి చూస్తారు. ఆ తరువాత వచ్చేది నవ్వు.

అయితే చక్రానికి ఆకులుంటాయని తెలియని తెలుగు పిల్లవాడికి ఈ ప్రశ్నలో నవ్వే లేదు. ఇదే పొడుపుకథను తమిళంలో చెప్పబోతే అది నిలవదు. తమిళంలో చక్రపు ఆకును ఆరక్కాల్ అంటారు. అందులో కాలుంది కాని ఆకు లేదు. కథలను అనువదించవచ్చు, వార్తలను అనువదించవచ్చు. మాట మీద నిలిచిన హాస్యం మాత్రం భాష దాటగానే చచ్చిపోతుంది. కన్నడనాట, తమిళనాట, ఒడిశాలో, మహారాష్ట్రలో, యానాంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది వినోదానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. అమ్మమ్మ మాట అర్థమవుతుంది కాని అమ్మమ్మ పరిహాసం అర్థం కాదు అనే దశకు పిల్లలు చేరితే, ఆ ఇంట భాష ఎంతవరకు వచ్చిందో తెలిసిపోతుంది.

జెండా పండుగనాడు పెద్దలు పిల్లలతో పంచుకునే చతురోక్తుల వెనక ఎంత చరిత్ర ఉందో చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సెలవు, పిల్లలు, పరిహాసం

పండుగనాడు పిల్లలకు నవ్వే హక్కు ఇవ్వడం మనకు 1947తో మొదలు కాలేదు. వీధిబడుల కాలంలో దసరా వచ్చిందంటే పంతులుగారు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికీ వెళ్ళేవారు. పిల్లల చేతుల్లో రంగు కాగితాలు అంటించిన విల్లంబులు ఉండేవి. ఇంటి యజమానిని పొగుడుతూనే, ఇవ్వకపోతే ఊరుకోమన్నట్లు కొంటెగా బెదిరిస్తూ పద్యాలు చదివేవారు. పంతులుగారికి కానుక, పిల్లలకు పప్పుబెల్లాలు ముట్టేవి. ఏడాది పొడుగునా బెత్తానికి భయపడిన పిల్లలు ఆ నాలుగు రోజులు మాత్రం పెద్దల ముందు నిలబడి పరిహాసమాడవచ్చు.

స్వాతంత్ర్య దినోత్సవం పాఠశాలలకు వచ్చేసరికి ఈ అలవాటు సిద్ధంగా ఉంది. తెల్లవారుజామున ప్రభాతభేరి, వీధుల వెంట పాటలు, జెండా వందనం, ఉపన్యాసం, చివరకు మిఠాయి. దసరా ఊరేగింపుకు దీనికి పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. ఉపన్యాసానికీ మిఠాయికీ మధ్య ఉండే ఆ కాస్త సమయంలోనే పిల్లల హాస్యం పుడుతుంది. పెద్దలు త్యాగాల గురించి మాట్లాడుతూ ఉంటారు, పిల్లలు పొట్లాల సంఖ్య లెక్కపెడుతూ ఉంటారు. ఈ రెంటి మధ్య ఉన్న దూరమే జెండా పండుగ హాస్యానికి మూలం.

ఈ హాస్యం త్యాగాన్ని కించపరచదు. సోలాపూరులో 1930 మే నెలలో మార్షల్ లా విధించారు. 1931 జనవరి 12న నలుగురిని ఎరవాడ జైలులో ఉరితీశారు. మగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న పట్టణమది. మైసూరు సంస్థానంలో, రాయలసీమ సరిహద్దును ఆనుకొని ఉన్న విదురాశ్వత్థంలో 1938 ఏప్రిల్ 25న జెండా సత్యాగ్రహానికి కూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఒకప్పుడు ప్రాణం తీసిన జెండా కిందనే ఇవాళ పిల్లలు మిఠాయి కోసం తోసుకుంటూ నవ్వగలుగుతున్నారు. ఆ నవ్వే స్వాతంత్ర్యానికి ఒక గుర్తు.

“మనకు స్వాతంత్ర్యం ఎన్నోసారి వచ్చింది?”

జెండా పండుగ హాస్యంలో ఎక్కువ భాగం తేదీల చుట్టూ తిరుగుతుంది. దానికి కారణం చరిత్రలోనే ఉంది.

1930 నుంచి 1947 వరకు దేశమంతటా జాతీయవాదులు జనవరి 26ను స్వాతంత్ర్య దినంగా జరిపారు. అంటే స్వాతంత్ర్యం రాకముందే పదిహేడేళ్ళపాటు స్వాతంత్ర్య దినం ఉండేది. తీరా స్వాతంత్ర్యం వచ్చింది ఆగస్టు 15న, శుక్రవారంనాడు. పాత తేదీ వృథా పోకుండా 1950లో అది గణతంత్ర దినమైంది. “పెళ్ళికి ముందే పెళ్ళిరోజు జరుపుకున్నారా తాతయ్యా?” అని మనవడు అడిగితే, కోప్పడకుండా పూర్ణ స్వరాజ్య తీర్మానం సంగతి చెప్పడానికి తాతకు అంతకంటె మంచి అవకాశం దొరకదు.

1947 ఆగస్టు 15న తెలుగువారందరూ ఒకే పండుగ చేసుకోలేదు. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలవారు, మద్రాసు నగరంలోని తెలుగువారు చేసుకున్నారు. బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగువారు 1936 ఏప్రిల్ 1న ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రంలో ఉండి చేసుకున్నారు. హైదరాబాదు సంస్థానంలో మాత్రం ఆ రోజు పండుగ లేదు. నిజాం భారత యూనియన్‌లో చేరలేదు. అక్కడ త్రివర్ణ పతాకం ఎత్తడం శిక్షకు కారణమైంది. తెలంగాణతోపాటు ఇప్పుడు కర్ణాటకలో ఉన్న రాయచూరు, మహారాష్ట్రలో ఉన్న నాందేడు కూడా అప్పుడు ఆ సంస్థానంలోనివే. అక్కడి తెలుగు పిల్లలు 1948 సెప్టెంబరు 17 దాకా, పదమూడు నెలలు ఆగవలసి వచ్చింది. మైసూరు సంస్థానం యూనియన్‌లో చేరినా, ప్రజాప్రభుత్వం కోసం “మైసూరు చలో” ఉద్యమం నడిచింది. 1947 అక్టోబరులో గాని ప్రజాప్రభుత్వం ఏర్పడలేదు. దానికి నాయకుడైన కె. సి. రెడ్డి కోలారు జిల్లా వాడు.

యానాం కథ మరీ విచిత్రం. గోదావరి ఒడ్డున కాకినాడకు దగ్గరలో ఉన్న ఈ చిన్న పట్టణం ఫ్రెంచివారిది. పొరుగు ఊళ్ళలో ఆగస్టు 15న జెండాలెగిరితే, యానాంలో అధికారిక పండుగ జూలై 14, అనగా ఫ్రాన్సు జాతీయ దినం. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు యానాంను చేజిక్కించుకున్నారు. అదే సంవత్సరం నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతోపాటు యానాం పాలన భారత ప్రభుత్వానికి వచ్చింది. 1956 మే 28న అప్పగింత ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించిన తరువాత 1962 ఆగస్టు 16న చట్టరీత్యా బదిలీ పూర్తయింది.

ఇప్పుడు యానాం బడిలో పంతులుగారు, “మనకు స్వాతంత్ర్యం ఎప్పుడు వచ్చిందిరా?” అని అడిగారనుకోండి. “ఎన్నోసారి వచ్చింది చెప్పమంటారండీ?” అనే పిల్లవాడు తెలివితక్కువవాడు కాడు. వాడు చరిత్ర సరిగ్గా చదివినవాడు. వరుసగా ఆగస్టు 15, ఆగస్టు 16 రెండూ ఉత్సవాలే అయిన చోట, “నిన్న దేశానికి, ఇవాళ మనకు” అని ఒకరు, “మిఠాయి మాత్రం రెండు రోజులూ మనకే” అని ఇంకొకరు అనుకోవచ్చు. మరో ఊరి తెలుగు పిల్లవాడికి ఈ నవ్వు అందాలంటే యానాం చరిత్ర చెప్పి తీరాలి. నవంబరు 1 కూడా ఇటువంటిదే. 1954లో యానాం పాలన చేతులు మారిన రోజు అది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజూ, విస్తరించిన మైసూరు రాష్ట్రం ఏర్పడిన రోజూ అదే. బెంగుళూరు తెలుగు పిల్లవాడు కన్నడ రాజ్యోత్సవానికి బడిలో పాట పాడి ఇంటికి వస్తే, “ఎవరి పండుగరా?” అన్న ప్రశ్నకు రెండు జవాబులూ నిజమే.

నవ్వు తయారైన చోటు

తెలుగు బాలల హాస్యం కోస్తా జిల్లాలలోనో తెలంగాణలోనో పుట్టి, మిగిలిన చోట్లకు ఎగుమతి అయిందని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. స్వాతంత్ర్యకాలపు సంగతి చూస్తే ఇది నిజం కాదు.

మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. ఆ కేంద్రం నుంచి తెలుగు పిల్లల కార్యక్రమాన్ని న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు నడిపారు. పిల్లలు వారిని రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పిలిచేవారు. రాఘవరావు 1905లో పుట్టింది బరంపురంలో, అంటే నేటి ఒడిశాలో. 1945 ఆగస్టులో ఆ దంపతులు మద్రాసులో “బాల” పత్రికను ప్రారంభించారు. పిల్లలచేత రాయించడం, బొమ్మలు వేయించడం, వారి మాటలను వారి ధోరణిలోనే అచ్చు వేయడం దాని ప్రత్యేకత. ముళ్ళపూడి వెంకటరమణ, బాపు చిన్నతనంలో వేసిన తొలి అడుగులు ఆ పత్రికలోనివే.

1947 జూలైలో, స్వాతంత్ర్యానికి సరిగ్గా నెల ముందు, మద్రాసులోనే “చందమామ” పుట్టింది. నాగిరెడ్డి, చక్రపాణి దానిని తెలుగులోను, తమిళంలో “అంబులిమామ” పేరుతోను ఒకేసారి తెచ్చారు. తరువాతి సంవత్సరాలలో అది కన్నడం, మరాఠీ, ఒడియా మొదలైన భాషలకూ వెళ్ళింది. ఇది గమనించవలసిన విషయం. పొరుగు రాష్ట్రంలోని తెలుగు పిల్లవాడు, అతని బడి స్నేహితుడు ఒకే కథను తమ తమ భాషల్లో చదివి ఒకే చోట నవ్వే అవకాశం ఆ పత్రిక వల్ల కలిగింది. 2010ల మొదట్లో చందమామ ఆగిపోవడంతో ఆ అవకాశం పోయింది.

ఇక 1956-57లో ముళ్ళపూడి “బుడుగు” ఆంధ్ర సచిత్ర వారపత్రికలో వచ్చింది. అదీ మద్రాసు నుంచే. ఆ సంస్థకు మూలమైన ఆంధ్రపత్రికను కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో స్థాపించింది బొంబాయిలో. 1914లో దానిని మద్రాసుకు మార్చారు. పెద్దల లోకాన్ని చిన్నవాడి మాటల్లో చూసి నవ్వించిన బుడుగు తెలుగు వాక్యానికి కొత్త చనువు నేర్పాడు.

బరంపురం, బొంబాయి, మద్రాసు అనే ఈ మూడు పేర్లను పక్కపక్కన పెట్టి చూడండి. ఆధునిక తెలుగు బాలహాస్యానికి పునాది వేసిన ఈ పత్రికలు నేటి తెలుగు రాష్ట్రాల హద్దులకు వెలుపలే పుట్టి పెరిగాయి. కనుక పొరుగు రాష్ట్రాల తెలుగు విద్యార్థి ఈ హాస్యానికి దూరపు చుట్టం కాడు, ఇంటివాడే.

రెండు భాషల నడుమ

రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకు ఒక వరం ఉంది. ఒకే శబ్దం ఇక్కడ ఒక అర్థం, అక్కడ మరొక అర్థం ఇస్తుందని వారికి ఎవరూ చెప్పనక్కర లేదు. మిఠాయి పంచే వేళను తీసుకుందాం.

సోలాపూరులో ఒక మరాఠీ మాస్టారు లడ్డూల పళ్ళెం పట్టుకొని వస్తున్నారు. కొత్తగా బడిలో చేరిన తెలుగు పిల్ల చెయ్యి చాచి “నాకు, నాకు” అంటుంది. మరాఠీలో “నకో” అంటే వద్దు. మాస్టారు ఎంత మంచి పిల్ల అనుకొని ముందుకు సాగిపోతారు. బరంపురంలో దీనికి ఎదురు తిరిగిన కథ జరుగుతుంది. విస్తరి నిండిన తెలుగు పిల్లవాడు “చాలు” అంటాడు. వడ్డించే ఒడియా పెద్దాయనకు అది “చాల” అని వినిపిస్తుంది. ఆ మాటకు పద, నడు అని అర్థం. ఇంకేముంది, గరిటె నడుస్తూనే ఉంటుంది. మద్రాసులో పిల్ల “ఇంకా” అంటే తమిళ మామికి అది “ఇంగే”, అంటే ఇక్కడ అని వినిపించి, మిఠాయి నేరుగా అరచేతిలో పడుతుంది. ఒకే ఆకలి, మూడు ఊళ్ళు, మూడు ఫలితాలు.

బెంగుళూరు కథ కొంచెం పాతకాలానిది. అనంతపురం నుంచి వచ్చిన తాతగారు కాగితపు జెండా అమ్మే కుర్రవాడిని ధర అడిగారు. ఇంతలో పక్కనున్న కన్నడ బాలుడు తనకు జెండా వద్దని చెబుతూ “బేడ” అన్నాడు. తాతగారు అదే ధర అనుకొని రెండణాల నాణెం తీసి ఇచ్చారు. కన్నడంలో బేడ అంటే వద్దు. తెలుగులో బేడ అంటే రెండణాలు, రూపాయిలో ఎనిమిదో వంతు.

ఈ నాలుగూ ఎవరి అనుభవాలో కావు, మాటల స్వభావం నుంచి అల్లినవి. అయితే వీటిలో ఒక తేడా గమనించండి. మొదటి మూడూ ఈ రోజుకూ పనిచేస్తాయి. నాలుగోది మాత్రం వివరణ లేనిదే పనిచేయదు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. అణాలు, బేడలు, కానులు చెలామణి నుంచి క్రమంగా తప్పుకున్నాయి. వాటితోపాటు వాటి మీద ఆధారపడిన పరిహాసాలూ తప్పుకున్నాయి. నాణేన్ని ప్రదర్శనశాలలో పెట్టి చూపవచ్చు, హాస్యాన్ని అలా పెట్టి చూపలేము. అది నోటి నుంచి చెవికి పోతూ ఉన్నంతకాలమే ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. “నవ్వు నాలుగు విధాల చేటు” అన్నారు పెద్దలు. మన పిల్లలు బడిలో వినే నవ్వులన్నీ ఇటువంటి సరదా నవ్వులు కావు. వారి యాసను, ఇంటి భాషను ఎగతాళి చేసే నవ్వులూ ఉంటాయి. అటువంటి నవ్వుకు గురైన పిల్లవాడు చేసే మొదటి పని పదిమందిలో తెలుగు మాట్లాడడం మానేయడం. ఇంట్లో తెలుగులో నవ్వడం నేర్చిన పిల్లవాడికి మాత్రం ఒక రక్షణ ఉంటుంది. తన భాష నవ్వులపాలు కావలసినది కాదని, నవ్వించగలిగినదని వాడికి తెలుసు. “నాకు” అన్నందుకు లడ్డూ పోగొట్టుకున్న పిల్ల, ఆ సంగతి మరాఠీ స్నేహితులకు తానే చెప్పి నవ్వించగలిగితే, ఆ పూట గెలుపు ఆమెదే. అదే సంగతిని ఇంకొకరు ఆమెను చూపి చెబితే అది ఎగతాళి. చెప్పేవారు ఎవరన్న దాన్నిబట్టే తేడా వస్తుంది.

విద్యార్థులు చేయవలసిన పని

చరిత్ర అంటే శాసనాలు, ఒప్పందాలు మాత్రమే కాదు. 1956 నాటి యానాం ఒప్పందం ప్రతి ఎక్కడైనా దొరుకుతుంది. కాని 1954 నవంబరులో యానాం వీధుల్లో పిల్లలు ఏమనుకొని నవ్వారో ఏ దస్తావేజులోనూ ఉండదు. ఆనాడు పదేళ్ళ వయసున్నవారు ఇప్పుడు ఎనభై దాటినవారు. మద్రాసు, సోలాపూరు, బరంపురం, బళ్ళారి, కోలారులలో తొలి జెండా పండుగలు చూసినవారి సంగతీ అంతే. వారిని అడగడానికి మిగిలిన కాలం తక్కువ.

కనుక రాబోయే ఆగస్టు 15న సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకోండి. ఇంటిలోని పెద్దవారిని ఉద్యమం గురించి అడిగే ముందు మిఠాయి గురించి అడగండి. ఏమి పంచారు, ఎవరికి రెండుసార్లు దక్కింది, ఎవరు దొరికిపోయారు, పంతులుగారిని ఏమని ఆటపట్టించేవారు? జవాబులను వారు చెప్పిన యాసలోనే రాసుకోండి. సరిదిద్దకండి. మదరాసు తెలుగును గుంటూరు తెలుగుగా మారిస్తే నవ్వు ఆరిపోతుంది. పక్క భాష మాట కలిసి ఉంటే దానిని అలాగే ఉంచి, అర్థం విడిగా రాయండి.

రెండవ పని ఇంకా సులువు. ఇంటిలోని చిన్నవాళ్ళకు ఒక పొడుపుకథ వేయండి. జవాబు వెంటనే చెప్పకండి. ఈ వ్యాసం మొదట్లో ఉన్నదే వేయవచ్చు. ఆకు అంటే చెట్టుకుండేదే కాదు, చక్రానికుండేది కూడా అని వాళ్ళకు తెలియకపోతే తెలిసేలా చెయ్యండి. పింగళి వెంకయ్య 1921లో బెజవాడలో గాంధీజీకి జెండా నమూనా చూపిన సంగతి, తరువాత జెండా మీద రాట్నం చేరిన సంగతి, 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆ రాట్నం స్థానంలో అశోక చక్రాన్ని నిలిపిన సంగతి ఆ వెనకే చెప్పవచ్చు. నవ్విన పిల్లలు వింటారు.

మిఠాయి అప్పటికే పంచేసి ఉంటే మాత్రం అంత ఖాయంగా చెప్పలేము.